ముందు చెట్టు గీద్దాం, తర్వాత ప్రోగ్రాం రాద్దాం

చెల్లెళ్లూ, అక్కలూ,

వార్షికోత్సవ సంచికకు ఏదైనా రాయమని అడిగితే మనలో చాలామంది హాస్టల్ జ్ఞాపకాలు రాస్తారు, లేదా ఒక కవిత రాస్తారు. ఆ రెండూ ఈ సంచికలో నాకన్నా బాగా రాసేవాళ్లున్నారు. నేను ఎమ్మెస్సీ కంప్యూటర్ సైన్స్ చదువుతున్నాను. మా ఇంట్లో డిగ్రీ పూర్తి చేసిన మొదటిదాన్ని నేనే. అందుకని నా సబ్జెక్టులోంచి ఒక్క పాఠం తీసుకుని, దాని మీద నా అభిప్రాయం చెప్పదలచుకున్నాను.

ఆ పాఠం పేరు బైనరీ సెర్చ్ ట్రీ. తెలుగులో రెండు కొమ్మల వెతుకుడు చెట్టు అనుకోండి. బీటెక్, బీసీఏ, బీఎస్సీ కంప్యూటర్స్, పాలిటెక్నిక్, ఏది చదివినా డేటా స్ట్రక్చర్స్ అనే పేపరు ఉంటే ఈ పాఠం దాదాపు ఖాయం. గేట్ పరీక్ష సిలబస్‌లో పేరు పెట్టి మరీ ఇచ్చారు. ఉద్యోగాల ఇంటర్వ్యూలలో తరచుగా అడిగే ప్రశ్నల్లో ఇదొకటి.

నా అభిప్రాయం సూటిగా చెబుతాను. ఈ పాఠాన్ని రెండు పేజీల ప్రోగ్రాంగా బట్టీ పట్టించే పద్ధతి మనలాంటి పిల్లలకు ఎక్కువ నష్టం చేస్తోంది. దీన్ని ముందు చేత్తో గీసి నేర్చుకోవాలి. అలా నేర్చుకోవడానికి కంప్యూటర్ అక్కర్లేదు. సుద్దముక్క ఒకటి, వరండాలో కాస్త జాగా ఉంటే చాలు.

ఇది ఎందుకంత ముఖ్యం? "ఇంట్లో కంప్యూటర్ లేదు, ల్యాప్‌టాప్ కొనే స్తోమత లేదు, ఆ లైను మనకెందుకు" అని ఇంటర్ కాగానే పక్కకు తప్పుకునే చెల్లెళ్లు ఉన్నారు. చేరిన తర్వాత కూడా ల్యాబ్‌లో వారానికి కొన్ని గంటలే మిషన్ దొరికి, మిగతా పిల్లల వేళ్లు కీబోర్డు మీద పరుగెత్తుతుంటే చూసి, తెలివి వాళ్ల దగ్గరే ఉందనుకునే వాళ్లున్నారు. ఈ భయం అబద్ధం. ఎందుకు అబద్ధమో ఈ ఒక్క పాఠంతోనే చూపించవచ్చు.

రిజిస్టరులో పేరు వెతకడం

పాత విద్యార్థినులు వార్షికోత్సవానికి కాకుండా హాస్టల్‌కి ఇంకెందుకు వస్తారు? సర్టిఫికెట్ కోసం వస్తారు. ఫలానా సంవత్సరం నుంచి ఫలానా సంవత్సరం దాకా ఇక్కడే ఉండి చదువుకున్నానని రాసిమ్మంటారు. అడ్మిషన్ నంబరు గుర్తుంటే పని తేలిక, ఎందుకంటే రిజిస్టరు ఆ నంబర్ల వరసలోనే ఉంటుంది. పేరొక్కటే చెబితే మాత్రం పాత రిజిస్టర్లన్నీ దించి, మొదటి పేజీ నుంచి ఒక్కో పేరూ చదువుకుంటూ పోవాలి. పేరు ఆఖరి పేజీలో ఉంటే అన్నీ తిప్పాకే దొరుకుతుంది. అసలు లేకపోతే, లేదని చెప్పడానికి కూడా అన్నీ తిప్పాల్సిందే. దీన్నే లీనియర్ సెర్చ్ అంటారు. వరసగా వెతకడం.

రెండో పద్ధతి మనం నిఘంటువు చూసే పద్ధతి. "బడి" అనే మాట కావాలి. పుస్తకం మధ్యకు తెరిచాం. అక్కడ "ద" అక్షరం మాటలున్నాయి. "బ" దాని తర్వాతే వస్తుంది కాబట్టి ముందు సగం పుస్తకంతో మనకు పనిలేదు. మిగిలిన సగంలో మళ్లీ మధ్యకు తెరుస్తాం. ఒక్కో చూపుకు సగం పుస్తకం పక్కకు పోతుంది. ఇది బైనరీ సెర్చ్. కంప్యూటర్ల తొలి రోజుల్లో, 1946లోనే జాన్ మాక్లీ అనే శాస్త్రవేత్త దీని గురించి చెప్పాడు.

మరి రిజిస్టరు కూడా అకారాది క్రమంలో రాసుకుంటే సరిపోదా? సరిపోదు. నిఘంటువు ఒకసారి అచ్చయ్యాక మారదు. మన హాస్టల్లో ఏటా కొత్త పిల్లలు చేరుతారు. "అ"తో మొదలయ్యే పేరు గల అమ్మాయి ఒకతె కొత్తగా వస్తే, ఆమె తర్వాత రావలసిన పేర్లన్నీ ఒక్కో గడి కిందికి జరగాలి. వెతకడం తేలికైంది గానీ చేర్చడం కష్టమైంది. వచ్చినవాళ్లను వచ్చినట్టు రాసుకుంటే చేర్చడం తేలిక, వెతకడం కష్టం.

ఒకటి కావాలంటే రెండోది వదులుకోవాలా? అక్కర్లేదని చెప్పేదే ఈ చెట్టు.

కాగితం, పెన్సిలు తీసుకోండి

ఇక్కడి నుంచి చదువుతూ గీయండి. మన ట్రంకు పెట్టెల మీద నంబర్లున్నాయి కదా, అవే అనుకుందాం. నంబర్లు ఈ వరసలో వస్తున్నాయి: 50, 25, 75, 12, 37, 62, 87.

మొదట వచ్చిన 50ని కాగితం పైభాగంలో రాయండి. అదే వేరు. ఈ చెట్టుకు వేరు పైన, ఆకులు కింద. వంశవృక్షం గీసినట్టే. నియమం ఒక్కటే: చిన్నది ఎడమకు, పెద్దది కుడికి.

25 వచ్చింది. 50 కన్నా చిన్నది, ఎడమ కొమ్మకు రాయండి. 75 పెద్దది, కుడి కొమ్మకు. 12 వచ్చింది. పై నుంచి మొదలుపెట్టాలి: 50 కన్నా చిన్నది, ఎడమకు. అక్కడ 25 ఉంది, దానికన్నా చిన్నది, మళ్లీ ఎడమకు. ఖాళీ ఉంది, కూర్చోబెట్టండి. 37 వచ్చింది. 50కి ఎడమ, 25కి కుడి. 62 వచ్చింది. 50కి కుడి, 75కి ఎడమ. 87 రెండుసార్లూ కుడికే. మూడు అంతస్తుల చెట్టు తయారైంది.

ఇప్పుడు 62 ఎక్కడుందో వెతకండి. 50తో పోల్చాం, కుడికి వెళ్లాం. 75తో పోల్చాం, ఎడమకు వెళ్లాం. 62 దొరికింది. మూడు పోలికలు. ఏడు నంబర్లలో ఏది అడిగినా మూడు పోలికలు దాటవు.

లేని నంబరు అడుగుదాం. 40 ఉందా? 50కి ఎడమ, 25కి కుడి, 37కి కుడి. అక్కడ ఖాళీ. అంటే 40 లేదు. నంబర్లన్నీ చూడలేదు, మూడింటినే చూశాం. అయినా లేదని ఖాయంగా చెప్పగలం, ఎందుకంటే ఉంటే అది అక్కడే ఉండాలి.

నాకు ఈ పాఠంలో అన్నిటికన్నా నచ్చిన సంగతి ఇదే. వెతకడం ఎక్కడ ఆగిపోయిందో, కొత్తది కూర్చోవలసిన చోటు అదే. 40 పెట్టె కొత్తగా వస్తే 37కి కుడిపక్క కూర్చోబెడతాం. మిగతా ఎవరినీ జరపక్కర్లేదు. వెతకడం, చేర్చడం రెండూ ఒకే దారిలో నడుస్తాయి. ఇది తెలిసిన పిల్లకు రెండు ప్రోగ్రాములు వేరువేరుగా బట్టీ పట్టే అవసరం ఉండదు.

వరసగా చదవాలన్నా ఈ చెట్టు చెబుతుంది. ప్రతిచోటా ముందు ఎడమ కొమ్మ మొత్తం, తర్వాత ఆ నంబరు, తర్వాత కుడి కొమ్మ మొత్తం చదవండి. 12, 25, 37, 40, 50, 62, 75, 87 అని చిన్న నుంచి పెద్దకు వచ్చేస్తాయి. దీన్నే ఇన్‌ఆర్డర్ అంటారు.

తీసేయడం ఒక్కటే కొంచెం మెలికైన పని. కింద ఎవరూ లేని ఆకునైతే తుంచేస్తే సరి. ఒక్క కొమ్మే ఉంటే ఆ కొమ్మను పైకి కలిపేస్తే సరి. రెండు కొమ్మలూ ఉన్న 50ని తీయాలంటే? కుడివైపు ఉన్నవాటిలో అన్నిటికన్నా చిన్నదాన్ని, అంటే 62ను, తెచ్చి ఆ స్థానంలో పెట్టాలి. ఎడమన ఉన్నవన్నీ 62 కన్నా చిన్నవే, కుడిన మిగిలినవన్నీ పెద్దవే. నియమం చెడలేదు. బొమ్మ గీసుకుంటే ఇది ఒక్క నిమిషంలో అర్థమవుతుంది. బొమ్మ లేకుండా ప్రోగ్రాంలోని పాయింటర్లు చూసుకుంటూ కూర్చుంటే రాత్రంతా చూసినా అర్థం కాదు.

20 సెకన్లు, ఆరు రోజులు

ఏడు నంబర్లకు మూడు పోలికలు అంటే పెద్ద లాభం అనిపించకపోవచ్చు. లెక్క పెంచి చూద్దాం. నిండుగా పెరిగిన చెట్టులో ఒక్కో అంతస్తు పెరిగినప్పుడల్లా పట్టే పేర్లు రెట్టింపుకు పైగా అవుతాయి. మూడు అంతస్తుల్లో 7, నాలుగులో 15, పది అంతస్తుల్లో 1,023, ఇరవై అంతస్తుల్లో 10,48,575. అంటే పది లక్షల పేర్లున్నా 20 పోలికల్లో తేలిపోతుంది. వంద కోట్ల పేర్లున్నా 30 చాలు.

ఇప్పుడు ఒక పోటీ పెడదాం. ఒకవైపు మన హాస్టల్ అమ్మాయి. ఆమె సెకనుకు ఒక్క పోలిక మాత్రమే చేయగలదు. కానీ ఆమె దగ్గర పది లక్షల పేర్లు సరిగా పేర్చిన చెట్టు ఉంది. రెండోవైపు సెకనుకు వెయ్యి పోలికలు చేసే యంత్రం. దాని దగ్గర అవే పేర్లు, కానీ వరసా వావీ లేని జాబితాగా ఉన్నాయి. అమ్మాయికి ఎక్కువలో ఎక్కువ 20 సెకన్లు పడుతుంది. యంత్రం సగటున ఐదు లక్షల పేర్లు చూడాలి. 500 సెకన్లు, అంటే 8 నిమిషాల 20 సెకన్లు. తనకన్నా వెయ్యి రెట్లు వేగం గల యంత్రాన్ని అమ్మాయి ఓడించింది. అదే అమ్మాయికి ఆ జాబితా ఇచ్చి వెతకమంటే రాత్రింబవళ్లు కూర్చున్నా సగటున దాదాపు ఆరు రోజులు పట్టేది.

అమ్మాయి మారలేదు, ఆమె చేతి వేగం మారలేదు. పేర్చిన పద్ధతి మారింది. కంప్యూటర్ సైన్స్ అంటే ఖరీదైన మిషన్ల గురించిన చదువు అనుకునేవాళ్లకు నేను చూపించే లెక్క ఇదే. మిషన్ వేగాన్ని డబ్బుతో కొనవచ్చు. పద్ధతి మాత్రం ఎవరికి వారు నేర్చుకోవలసిందే. దానికి పేదా ధనికా తేడా లేదు.

వరసగా వస్తే చెట్టు తాడైపోతుంది

ఇంతవరకు చెప్పింది పాఠంలో తీపి సగం. రెండో సగం చెప్పకపోతే మోసం చేసినట్టే.

అవే ఏడు నంబర్లను ఈసారి వరసగా తెచ్చి చెట్టు గీయండి. 12, 25, 37, 50, 62, 75, 87. 12 పైన. 25 పెద్దది, కుడికి. 37 ఇంకా పెద్దది, దానికీ కుడికి. ప్రతిదీ కుడికే పోతుంది. కాగితం మీద వచ్చింది చెట్టు కాదు, ఏటవాలుగా వేలాడే తాడు. 87 కావాలంటే ఏడు పోలికలూ చేయాలి. నియమం ఎక్కడా తప్పలేదు, అయినా లాభమంతా పోయింది.

ఏడు నంబర్లు 5,040 వరసల్లో రావచ్చు. వాటిలో 80 వరసలకు మాత్రమే మూడు అంతస్తుల నిండు చెట్టు వస్తుంది. 64 వరసలకు, నిటారుగానో వంకరగానో, ఒక్క తాడే వస్తుంది. మిగతావన్నీ మధ్యస్తంగా ఉంటాయి. వెయ్యి నంబర్లను బాగా కలిపేసి చేరిస్తే సగటున 12 పోలికలతో దొరుకుతాయి. పూర్తి వరసలో చేరిస్తే సగటున 500 దాకా పడతాయి. నంబర్లు అవే, తేడా అంతా అవి వచ్చిన వరసలోనే ఉంది.

ఇది పుస్తకాల్లో మాత్రమే ఉండే తమాషా కాదు. మన అడ్మిషన్ రిజిస్టరునే తీసుకోండి. నంబర్లు ఎప్పుడూ పెరుగుతూనే ఉంటాయి. ఎవరైనా ఉత్సాహవంతురాలు ఆ 300 నంబర్లను రిజిస్టరులో ఉన్నట్టే మామూలు బైనరీ సెర్చ్ ట్రీలోకి ఎక్కిస్తే వచ్చేది 300 ముడుల తాడు. 9 పోలికల్లో కావలసిన పని 300 దాకా పోతుంది. నిజ జీవితంలో సమాచారం చాలాసార్లు ఇలా వరసగానే వస్తుంది. రోల్ నంబర్లు, బిల్లు నంబర్లు, తేదీలు. ప్రోగ్రాం బట్టీ పట్టిన పిల్లకు ఈ ప్రమాదం కనపడదు, ఎందుకంటే ప్రోగ్రాంలో తప్పేమీ లేదు, జవాబు కూడా సరిగానే వస్తుంది, ఆలస్యంగా వస్తుందంతే. చేత్తో గీసిన పిల్లకు మూడో నంబరు దగ్గరే అనుమానం వస్తుంది.

మందు కూడా చేత్తో గీస్తేనే తెలుస్తుంది. 12, 25, 37 ఒకే తాడుగా ఉన్నాయి. మధ్యలో ఉన్న 25ను పైకి లాగండి. 12 ఎడమకు దిగుతుంది, 37 కుడికి ఉంటుంది. చిన్నది ఎడమ, పెద్దది కుడి అనే నియమం అలాగే ఉంది, ఎత్తు మాత్రం ఒక అంతస్తు తగ్గింది. దీన్నే రొటేషన్ అంటారు. ఒకవైపు బరువు పెరిగినప్పుడల్లా ఇలా తిప్పి సరిచేసుకుంటూ పోవడమే బ్యాలెన్స్ చేయడం.

మామూలు చెట్టు పద్ధతి 1960 నాటికి పత్రికలకెక్కింది. ఆ ఏడాది విండ్లీ ఒకవైపు, బూత్, కొలిన్ మరోవైపు దీన్ని ప్రచురించారు. 1962లో హిబ్బార్డ్ రాశాడు. సరిగ్గా అదే 1962లో సోవియట్ యూనియన్‌లో అడెల్సన్-వెల్స్కీ, లాండిస్ అనే ఇద్దరు ఈ వాలిపోయే జబ్బుకు మందు కనిపెట్టారు. ఏ చోట చూసినా ఎడమ ఎత్తుకూ కుడి ఎత్తుకూ తేడా ఒకటికి మించకూడదన్నది వాళ్ల షరతు. వాళ్ల పేర్ల మొదటి అక్షరాలతోనే దాన్ని ఏవీఎల్ ట్రీ అంటున్నాం. ఆ షరతు పాటిస్తే పది లక్షల పేర్లు ఏ వరసలో వచ్చినా చెట్టు 28 అంతస్తులు దాటదు. తర్వాత బోయింగ్ కంపెనీ పరిశోధనశాలలో పనిచేసిన బేయర్, మెక్‌క్రైట్ ఒక్కో చోట చాలా పేర్లు పట్టేలా బీ-ట్రీ తయారుచేసి 1972లో ప్రచురించారు. ఈనాడు మైఎస్‌క్యూఎల్, పోస్ట్‌గ్రెస్ వంటి డేటాబేస్‌లలో మామూలుగా వాడే ఇండెక్స్ ఆ కుటుంబానిదే. మనం నెట్‌లో ఫలితాల కోసం హాల్ టికెట్ నంబరు కొట్టినప్పుడు, వెనక ఇలాంటి చెట్టు దిగి వెతికే అవకాశమే ఎక్కువ.

"రెడీమేడ్ ఉండగా ఎందుకు?" అనేవాళ్లకు

నా అభిప్రాయంతో ఏకీభవించని వాళ్లున్నారు. వాళ్ల వాదనలు కొట్టిపారేయదగినవి కావు.

మొదటి వాదన: జావాలో ట్రీమ్యాప్ అని రెడీమేడ్‌గా ఉంది, చెట్టు తనంతట తనే బ్యాలెన్స్ అవుతుంది, ఇక గీయడం దేనికి? నిజమే, ఉద్యోగంలో చేరాక ఎవరూ చెట్టును మొదటి నుంచి కట్టమనరు. కానీ ఎప్పుడు చెట్టు వాడాలి, ఎప్పుడు మామూలు జాబితా చాలు, పని ఎందుకు నెమ్మదించింది అని ఆలోచించవలసింది మనిషే. కుట్టిన బట్ట కొనుక్కోవచ్చు, కొలత తెలియకుండా మాత్రం కొనలేం.

రెండో వాదన: హాష్ టేబుల్ ఇంకా వేగం, 20 పోలికలు కూడా అక్కర్లేదు. ఇదీ నిజమే. ఫలానా నంబరు ఉందా లేదా అని మాత్రమే అడిగితే చాలా సందర్భాల్లో హాష్ టేబుల్‌దే పైచేయి. కానీ "300 నుంచి 350 దాకా ఉన్న నంబర్లు చెప్పు", "37 తర్వాతి నంబరేది", "అందరినీ వరసగా చూపించు" అని అడిగితే హాష్ టేబుల్ తెల్లముఖం వేస్తుంది. అక్కడ వరస ఉండదు. చెట్టులో వరస ఎప్పుడూ సిద్ధంగా ఉంటుంది.

మూడో వాదన: పరీక్షలో ప్రోగ్రాం అడుగుతారు, బొమ్మకు మార్కులు రావు. దీనికి నా జవాబు, బొమ్మ ప్రోగ్రాంకు పోటీ కాదు, దానికి తల్లి. "ఖాళీ అయితే ఇక్కడ కూర్చోబెట్టు, చిన్నదైతే ఎడమకు పో, పెద్దదైతే కుడికి పో" అన్న మూడు మాటలు నోటికొస్తే వాటినే సీలోనో పైథాన్‌లోనో రాయడం పది వరసల పని. ప్రశ్న కొంచెం మార్చి అడిగినా ఆ పిల్ల తడబడదు. బట్టీ పట్టిన పిల్లకు మధ్యలో ఒక వరస మరిచిపోతే ప్రోగ్రాం మొత్తం పోయినట్టే.

చెట్టు "లేదు" అన్నంత మాత్రాన

ఇంకొక్క మాట చెప్పాలి. ఇది పుస్తకాల్లో తక్కువగా రాస్తారు గానీ మనకు బాగా తెలిసిన బాధ.

లక్ష్మి అనే పేరును ఇంగ్లీషులో కొందరు కె, ఎస్, హెచ్ పెట్టి రాస్తారు, కొందరు ఎక్స్ పెట్టి రాస్తారు. చెట్టులో దారిలో లలిత అనే పేరుందనుకోండి. మూడో అక్షరం చూస్తే కె అనేది ఎల్ కన్నా ముందు, ఎక్స్ అనేది ఎల్ తర్వాత. కాబట్టి ఒక లక్ష్మి లలితకు ఎడమకు పోతుంది, ఇంకొక లక్ష్మి కుడికి పోతుంది. పేరు ఎక్కించినప్పుడు ఎక్స్‌తో ఎక్కించి, వెతికేటప్పుడు కె-తో వెతికితే చెట్టు వేగంగా ఖాళీ చోటుకు దిగి "లేదు" అంటుంది. మనిషి కళ్లెదుటే నిలబడి ఉంటుంది.

పదో తరగతి మెమోలో ఒకలా, ఆధార్‌లో ఇంకోలా పేరు పడి, దరఖాస్తు వెనక్కి వచ్చిన ఆడపిల్లలు మన మధ్య ఎంతోమంది. తెర మీద "రికార్డు లేదు" అని రాగానే తలుపు వేసేసే కౌంటర్లు కూడా మనకు కొత్త కాదు. చెట్టుకు మనిషి తెలియదు, తనకు ఇచ్చిన అక్షరాలే తెలుసు. దాని "లేదు"కు అర్థం "ఈ అక్షరాలతో లేదు" అని మాత్రమే. ఈ తేడా తెలిసినవాళ్లు ఆ కుర్చీల్లో కూర్చోవాలి. పేరుతో పాటు అడ్మిషన్ నంబరునో పుట్టిన తేదీనో కలిపి వెతికే ఏర్పాటు చేసేవాళ్లు, ఒకే పేరును రెండు మూడు రకాలుగా వెతికి చూసేవాళ్లు కావాలి. ఒకే పేరున్న పదిమందిని చెట్టు కలగాపులగం చేయకుండా ఉండాలన్నా ఆ రెండో గుర్తు ఉండాల్సిందే. ఈ బాధ పడ్డ ఇళ్ల నుంచి వచ్చిన పిల్లలు ఈ చదువులోకి రావాలని నేను కోరుకోవడానికి ఇదొక పెద్ద కారణం.

మన హాస్టల్లో మనం చేయగలిగింది

అభిప్రాయాలు చెప్పి ఊరుకుంటే లాభం లేదు కాబట్టి మూడు పనులు సూచిస్తున్నాను.

మొదటిది, ఆదివారం స్టడీ అవర్‌లో అరగంట. ఎనిమిదో తరగతి నుంచి ఎవరైనా చేరవచ్చు. వరండాలో సుద్దముక్కతో చెట్టు గీయండి. పదిహేను మంది తలా ఒక నంబరు చీటీ పట్టుకుని నియమం ప్రకారం నిలబడండి. ఒకరు వెతకాలి, మిగతావాళ్లు "ఎడమ", "కుడి" అని మాత్రమే జవాబు చెప్పాలి. నిండు చెట్టయితే నాలుగు ప్రశ్నల్లో ఎవరైనా దొరకాలి. తర్వాత చీటీలు వరసగా పంచి ఆడండి. పిల్లలంతా ఒకే తాడుగా నిలబడేసరికి వాళ్లే నవ్వుతారు, కారణం కూడా వాళ్లే చెబుతారు. ముగ్గు వేయడం వచ్చిన చేతులకు ఈ గీతలు ఒక లెక్కా?

రెండోది, వార్డెన్ మేడం అనుమతితో పాత అడ్మిషన్ రిజిస్టర్లకు పేర్ల సూచిక తయారుచేయడం. రిజిస్టర్లను ముట్టుకుని మార్చనక్కర్లేదు. పేరు, చేరిన సంవత్సరం, అడ్మిషన్ నంబరు, పేజీ నంబరు ఉంటే చాలు. సెలవుల్లో డిగ్రీ పిల్లలు నలుగురు కూర్చుంటే అయ్యే పని. కంప్యూటర్ దొరికిన రోజు దాన్ని ఎక్కిద్దాం, దొరకకపోతే అకారాది క్రమంలో నోటు పుస్తకంలో ఉంచుదాం. దూరం నుంచి, ఒక పూట కూలి వదులుకుని సర్టిఫికెట్ కోసం వచ్చే అక్క సాయంత్రం దాకా మెట్ల మీద కూర్చోకుండా వెళ్లగలిగితే అది చిన్న సంగతి కాదు.

మూడోది పూర్వ విద్యార్థినులైన అక్కలకు విన్నపం. హాస్టల్‌కి కంప్యూటర్ ఇవ్వాలనుకునేవాళ్లు తప్పకుండా ఇవ్వండి. ప్రోగ్రాం రాసి నడిపి చూడాలంటే మిషన్ కావాలి, దాన్ని నేను కాదనడం లేదు. కానీ కంప్యూటర్ వచ్చేదాకా చదువు ఆగకూడదు. మీలో సాఫ్ట్‌వేర్‌లో ఉన్నవాళ్లు, లెక్చరర్లుగా ఉన్నవాళ్లు నెలకు ఒక్క గంట వచ్చి, లేదా ఫోన్‌లో మాట్లాడి, ఒక్కో పాఠం తెలుగులో చెప్పండి. తెలుగులో అర్థమైన పాఠం ఇంగ్లీషులో రాయడం తర్వాత నేర్చుకోవచ్చు. అర్థం కాని పాఠాన్ని ఏ భాషలో రాసినా ఒకటే.

చెల్లెళ్లూ, ఇంటర్‌లో ఏ గ్రూపు తీసుకోవాలి, డిగ్రీలో ఏ కోర్సు తీసుకోవాలి అని మీరు ఆలోచించేటప్పుడు "మనకు కంప్యూటర్ లేదు" అన్న ఒక్క కారణంతో ఏ దారినీ మూసేయకండి. ఇష్టం లేక వదిలేస్తే అది మీ నిర్ణయం. భయంతో వదిలేస్తే మాత్రం, ఈ పేజీలో పెన్సిలుతో గీసిన ఆ ఏడు నంబర్ల చెట్టును ఒక్కసారి మళ్లీ చూడండి. దాన్ని మీరు ఏ మిషనూ లేకుండానే గీశారు. పది లక్షల పేర్లకైనా నియమం అదే.

అందరికీ వార్షికోత్సవ శుభాకాంక్షలు.

— మీ అక్క,
ఎమ్మెస్సీ కంప్యూటర్ సైన్స్ విద్యార్థిని, ఈ హాస్టల్ పూర్వ విద్యార్థిని